అడుగుతుందేమో!

తెల్లారేసరికి కబూటా చేమదుంపల గుంటలో సముద్రం ఉంది.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు! తాత తవ్విన గుంట. ఇక ఒక్క దుంప మిగలదు.

"ఈసారి సముద్రం అడ్డుగోడ దాటి వచ్చేసింది," అన్నాడు భార్య మేరేతో. "వచ్చే పున్నమి పోటుకి బావి కూడా పోతుంది."

"సర్కారు ఆఫీసు పిల్ల పటం తెస్తానంది కదా. ఊరిని ఎక్కడికి మార్చాలో అందులో గీస్తారట."

"గీస్తారు. గీసిన చోట నేల ఎవడిస్తాడే?"

దీవిలో ఆ ఊరికి కబూటా పెద్ద. కొన్నాళ్లుగా అతనికి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నడవాలనిపిస్తోంది. గోడ దగ్గరికి, బావి దగ్గరికి, మళ్లీ గోడ దగ్గరికి.

సరిగ్గా ఆ రోజే పడవ దిగింది ఒక ముసలావిడ. చంకలో చాప తప్ప ఏమీ లేదు. ఎవరినీ దారి అడక్కుండా తిన్నగా చావడిలోకి నడిచి, కబూటా వంశం వాళ్లు కూర్చునే దూలం కింద చాప పరుచుకుంది.

చావడిలో ఎవరి చోటు వాళ్లదే. అక్కడ కూర్చుందంటే కబూటాకి చుట్టమే.

మేరే గుండెలు బాదుకుంది. "అయిపోయాం! బుబుసి పెట్టడానికే వచ్చింది."

బుబుసి అంటే చుట్టం నోరు తెరిచి అడగడం. అడిగాక లేదనకూడదు. పడవ అడిగితే పడవ, కుట్టుమిషను అడిగితే కుట్టుమిషను. కాదన్నవాడు మళ్లీ చావడిలో తలెత్తుకోలేడు. అలాగని అడగందే ఎవరూ ఇవ్వరు. అడక్కుండా ఇస్తే నీకు గతి లేదని ఎత్తిపొడిచినట్టే.

"మన వాననీళ్ల ట్యాంకు మీదే ఆవిడ కన్ను," అంది మేరే. "నోరు తెరవనివ్వకు. అడక్కపోతే ఇవ్వక్కర్లేదు."

ఊరు ఊరంతా సర్దుకుంది. ట్యాంకు మీద కొబ్బరాకులు పడ్డాయి. ఎదురింటి తూమా బంగారంలాంటి పడవని బోర్లించి, చిల్లు పడిందని కనబడినవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు.

మర్యాదకి మాత్రం లోటు చేయలేదు. కాల్చిన చేప, సీమపనస, కొబ్బరి. కానీ పళ్లెం పెట్టినవాళ్లు పెట్టినట్టే పరుగు.

"బాబూ, నీ గుంట చూశాను..." అంది ఆవిడ.

"చేప చల్లారిపోతుంది, తిను పెద్దమ్మా!" అన్నాడు కబూటా లేచిపోతూ.

మర్నాడు అతను అటుగా వెళ్తుంటే చెయ్యి ఊపి పిలిచింది.

"మా ముత్తవ్వ ఈ ఊరి పిల్లే. అందుకని..."

"తెలుసు, తెలుసు. పడవ తాడు కట్టానో లేదో చూసొస్తాను పెద్దమ్మా!"

చివరికి ఆవిడే లేచి గోడ దగ్గరికి వచ్చింది. కబూటా అక్కడ రాళ్లు సర్దుతున్నాడు. తప్పించుకునే దారి లేదు.

"మీకేం కావాలో చెప్పు బాబూ," అంది.

కబూటా గతుక్కుమన్నాడు. ముందు మనకేదో ఇస్తుంది, పుచ్చుకున్నాక తను అడుగుతుంది. ఎంత తెలివి ముసలిదానికి!

"మాకేం తక్కువ పెద్దమ్మా? అన్నీ ఉన్నాయి. ఎవర్నీ ఏమీ అడిగే ఖర్మ పట్టలేదు."

గోడ మీదుగా నీళ్లు చిమ్మి ఇద్దరి కాళ్లూ తడిపాయి. ఆవిడ ఆ నీళ్లకేసి చూసింది, అతనికేసి చూసింది. ఇంకేదైనా అంటాడేమోనని కాసేపు నిలబడింది. అతను రాళ్లు సర్దుకుంటూనే ఉన్నాడు.

పడవ రాగానే చాప చుట్టుకుని వెళ్లిపోయింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. మేరే ట్యాంకు మీద ఆకులు లాగేసి పకపకా నవ్వింది. కబూటాకి మాత్రం మనసు నిలవలేదు. దారిలో తాగడానికి ఒక సీసా నీళ్లైనా ఇచ్చి పంపాల్సిందని సిగ్గుపడ్డాడు.

వారం తిరక్కుండా ఆఫీసు పిల్ల రూటా పటం పట్టుకొచ్చి చావడిలో పరిచింది. జనం చుట్టూ మూగారు.

"గోడ ఎంత పెంచినా లాభం లేదు. నీళ్లు కిందనుంచి ఊరుతున్నాయి. ఊరు మారాల్సిందే," అంది. "మన దీవిలో వెడల్పుగా ఉండి, బావులు తియ్యగా ఉన్న నేల ఉత్తరాన ఒక్కటే. మీకని అదే గీశాం."

అందరి ముఖాలూ విప్పారాయి.

"కానీ అది పోయింది. పక్క ఊరివాళ్లు తీసేసుకున్నారు."

కబూటా దిగ్గున లేచాడు. "మాకని గీసింది వాళ్లకెలా ఇచ్చారమ్మా? నా గుంట ఉప్పైపోయింది. బావి నేడో రేపో. పిల్లల్ని చంకనేసుకుని ఎక్కడికి పోవాలి?"

"ఇవ్వడానికి మేమెవరం మావా? నేల సర్కారుది కాదు, టెకినేనే అవ్వది. ఎంతిచ్చినా అమ్మనంది. నా చుట్టాలు అడిగితే మాత్రం ఊరికే ఇస్తానంది. పక్క ఊళ్లోనూ ఆమెకి చుట్టాలున్నారు. పడవ అక్కడ ఆగగానే వాళ్లు బుబుసి పెట్టారు. ఇచ్చేసింది."

"ఆ ముక్క మాకు ముందే చెప్పొద్దూ?" అన్నాడు కబూటా. "ఈదుకుంటూ వెళ్లైనా ఆమె కాళ్లు పట్టుకునేవాడినే!"

రూటా అతనికేసి వింతగా చూసింది.

"మిమ్మల్ని అంత దూరం రప్పించడం ఎందుకని, మా ఆఫీసులో ఈ పటం చూసిన మర్నాడే పడవెక్కి ముందు మీ ఊరికే వచ్చి, మీరు అడుగుతారేమోనని ఈ చావడిలోనే కూర్చుందట కదా మావా?"