అద్దానికవతల సంచీ పెద్దాయన

"మళ్ళీ దాపురించాడమ్మా, మీ సంచీ పెద్దాయన" అన్నాడు బస్సు డ్రైవరు మంచం మీంచే.

నర్సు సెలైన్ సరిచేస్తూ అద్దం వైపు చూసింది. చెవులదాకా టోపీ, ముఖానికి మాస్కు, చంకలో నీలం సంచి. పెద్దాయన చెయ్యూపుతున్నాడు.

ఆ ఆసుపత్రిలో అలాంటి అద్దాల గది ఒక్కటే ఉంది.

డ్రైవరుకి మెడలో, చంకల్లో బిళ్ళలు కట్టాయి. డాక్టరు వాటిని లింఫ్ గ్రంథులన్నాడు. ప్లీహం కూడా ఉబ్బింది. రక్త క్యాన్సరని తేలింది. చివరికి ఎముకల్లోని పాత మూలుగని మందులతో చంపేసి, తమ్ముడి మూలుగ ఎక్కించారు. అది పట్టి తెల్లకణాలు పుట్టేదాకా జలుబు చేసినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే భార్యనీ, కూతుర్నీ కూడా లోపలికి రానివ్వరు.

ఊళ్ళు తిరిగిన మనిషికి ఆ గదిలో ఊపిరాడటం లేదు. కిటికీ అయినా తెరుచుకోదు.

అద్దం పక్కనున్న ఫోను మోగింది.

"ఏం బాబూ, ఇవాళ ముద్ద దిగిందా?"

"దిగకపోతే మీరొచ్చి తినిపిస్తారా?"

పెద్దాయన నవ్వాడు. "కోపం వస్తోందంటే ఓపిక వచ్చినట్టే. ఇంకా ఎన్నాళ్ళుంచుతారట?"

"మీకెందుకండీ? ఎప్పుడు పోతానా అని కాచుక్కూచున్నారా? రోజూ వచ్చి చూడ్డానికి నేనేమన్నా జూలో జంతువునా?"

పెద్దాయన ఫోను మెల్లగా పెట్టేశాడు.

"తెర వేసెయ్యమ్మా. ఇంక ఆయన్ని ఇటు రానివ్వకండి."

నర్సు ఏదో చెప్పబోయి, మానేసి, తెర లాగింది.

ఆ తర్వాత నోరంతా పూసింది. జ్వరం వచ్చి తగ్గింది. ఒక ఉదయం డాక్టరు వచ్చి, మూలుగ పట్టిందన్నాడు.

తలుపు తీసిన రోజున కూతుర్ని చూసి డ్రైవరు ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకున్నాక నర్సుని పక్కకి పిలిచాడు.

"ఆ పెద్దాయన ఏరమ్మా? ఆవేళ నోరు జారాను. ఓ మాట చెప్పి వెళ్తాను."

"పోయిన వారం జ్వరం వచ్చి పోయారండి."

"అయ్యో. రోజూ ఆ సంచి మోసుకుని ఎవరికోసం వచ్చేవారు?"

"ఆయనకీ మీ జబ్బేనండి. సంచిలోవి ఈ గదికని సర్దుకున్న బట్టలు. చెప్పొద్దని మాట తీసుకున్నారు."

నర్సు ఖాళీ మంచం వైపు చూస్తూ అంది.

"ముందు వంతు ఆయనదే. మీ పాప బెంచీ మీద నిద్రపోతుంటే చూసి, 'ముందు ఆ డ్రైవరుని ఎక్కించండమ్మా, నేను తర్వాతి బస్సుకి వస్తాలే' అన్నారు."