పెద్దమేడ లోపల

మా గేమ్ సర్వర్‌లో అందరం ఏదో ఒక వేషం కట్టి ఆడతాం. ఒకడు పోలీసు, ఒకడు ఆటో డ్రైవరు. అందులో నేను తెనాలి పక్కనున్న మా ఊరిని కడుతున్నాను. ఇంక ఒక్క మోడ్‌కే, అంటే ఆటకి మనం అతికించే ఒక్క భాగానికే, చోటుంది. ఎప్పుడో పడగొట్టేసిన కామందుల పెద్దమేడకి బయటి రూపం పెట్టాలా, లోపలి గదులు పెట్టాలా? రెండూ పెడితే సర్వర్ ఆగిపోతుంది.

నలభై ఏళ్లు ఆ మేడలో పనిచేసిన నాయనమ్మనే అడిగాను.

"రాసుకో," అంది హుషారుగా. మెట్లు తొమ్మిది. కిటికీ ఊచలు ఆకుపచ్చ. పెరట్లో నీళ్ల గోలెం, దాని పక్కన బాదం చెట్టు. గోడ మీద వాన చారలు కూడా మర్చిపోలేదు.

"మరి లోపల, నాయనమ్మా?"



"లోపల నాకేం తెలుసే? పెరటి గుమ్మం దాటి మనల్ని ఎప్పుడు రానిచ్చారని?"

నాకు ఒళ్లు మండింది. బయట ఆటతో వచ్చిన మామూలు గోడలే ఉంచేసి, వారం రోజులు కూర్చుని లోపలి గదులు కట్టాను. హాలు, ఉయ్యాల బల్ల, నిలువుటద్దం, అన్నీ నా ఊహే.

ఆదివారం చర్చి నుంచి రాగానే నాయనమ్మ చేతికి కంట్రోలర్ ఇచ్చాను. తెర మీద ఆమెలాగే తెల్లచీర కట్టిన బొమ్మ, మేడ వీధి తలుపు ముందు నిలబడి ఉంది.

"ఆ బటన్ నొక్కు నాయనమ్మా, లోపలికి వెళ్తావు."

బొటనవేలు బటన్ మీదే ఆగిపోయింది. నాయనమ్మ మా గది గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"లిడియా, మేడవాళ్లెవరూ చూడట్లేదు కదే?"