రానూ పోనూ టికెట్

"అమ్మా, మా దేశం వెళ్లకుండానే వీసా గడువు పెంచుకునే దారి ఏదైనా ఉందా?"

పెద్దాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే పాట.

ఆ లా కాలేజీకి పరదేశాల నుంచి వచ్చే పరిశోధకుల మంచీచెడూ చూసేది విజిటర్ల మేడం. గది తాళం, లైబ్రరీ కార్డు, బ్యాంకు ఖాతా, చలికి రగ్గు, ఆఖరికి టీ కెటిల్ కూడా ఆవిడ చేతుల మీదుగానే అందాలి. తన విజిటర్లలో ఇంతవరకూ ఒక్కరికీ కాగితాల గడువు దాటలేదని ఆవిడకు మహా గర్వం.

ఆ గర్వానికి దిష్టి తగిలినట్టు ఈ పెద్దాయన దాపురించాడు.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా మాస్టారూ. మీ దేశం వెళ్లి, ముద్ర వేయించుకుని తిరిగి రావడమే. అందరూ చేసేది అదే."

"వెళ్లలేని వాళ్ల సంగతి?"

"ఎందుకు వెళ్లలేరు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా."

"మరి ఇంట్లో గొడవలా?"

"అలాంటిదే అనుకో తల్లీ."

మేడం నవ్వేసింది.

"గొడవల్లేని ఇల్లెక్కడుందండీ? నాలుగు రోజులు ఎదురుగా ఉంటే అవే సర్దుకుంటాయి."

నిజానికి దారి లేకపోలేదు. డీన్ గారు పూచీ పడితే ఇక్కడే గడువు పెంచుతారు. కానీ ఇంట్లో తగవులని చెప్పి డీన్ గారి దగ్గరికి వెళితే నవ్విపోరూ? ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు.

"పోనీ, గడువు దాటాక కూడా ఇక్కడే ఉండిపోతే?" పక్క బల్ల దగ్గర గుమస్తా పెద్దాయన్ని ఆట పట్టించాడు. "మన లైబ్రరీలో హీటరు బాగా పనిచేస్తుంది కదా."

"చట్టం చదువుకున్నవాణ్ణి బాబూ. దొంగతనంగా ఉండలేను," అన్నాడు పెద్దాయన.

ముసలాయన కంప్యూటరుతో ఏం కుస్తీ పడతాడులే అని టికెట్ కూడా మేడమే తీసింది. కిటికీ పక్క సీటు. రానూ పోనూ.

ఆయన దాన్ని అందుకుని చాలాసేపు చూశాడు.

"నీకు శ్రమ ఇచ్చాను తల్లీ."

"నా పనే కదండీ."

"నేను రాకపోతే గది ఇంకెవరికైనా ఇచ్చెయ్."

"రాకేం చేస్తారు?"

ఆయన రాలేదు. ఉత్తరాలకు జవాబు లేదు. చెప్పాపెట్టకుండా మానేశాడని, పెద్దమనిషి తరహా కాదని మేడం కొన్నాళ్లు అందరి దగ్గరా విసుక్కుంది. తర్వాత గది ఖాళీ చేయించింది.

మరుసటి ఏడాది ఆ గదికి ఒకమ్మాయి వచ్చింది. పుట్టింది పెద్దాయన దేశంలోనే అయినా, కొన్నేళ్లుగా పరాయి దేశంలో తలదాచుకుంటోంది.

తాళం ఇస్తూ మేడం అంది, "ఇంతకుముందు ఇందులో మీ దేశం పెద్దాయనే ఉండేవారు. ముద్ర కోసం వెళ్లి అటే పోయారు. ఎప్పుడైనా కనిపిస్తే నా తరఫున నాలుగు చీవాట్లు పెట్టు."

అమ్మాయి ఆయన పేరు అడిగింది. మేడం చెప్పింది.

అమ్మాయి తాళం బల్ల మీద పెట్టేసింది.

"ఆయన్ని ఎవరు పంపించారు?"

"నేనే. టికెట్ కూడా నేనే తీశాను."

"విమానం దిగగానే పట్టుకున్నారు మేడం. జైల్లోనే పోయారు."

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాతో ఒక్క మాట చెబితే నేను పంపేదాన్నా? ఎందుకు దాచారు?"

"ఆయన ఇక్కడ నోరు విప్పారని తెలిస్తే, ఆ కక్షతో అక్కడ ఇంకా దాక్కున్న మావాళ్లను వెతికి పట్టుకుంటారు."

"మీవాళ్లా? ఆయనకీ మీకూ ఏమిటి సంబంధం?"

"కాలేజీ గేటు ముందు ధర్నాకి కూర్చున్నందుకు మా క్లాసంతటికీ ఉరి వెయ్యమని పైనుంచి చెబితే, వెయ్యనని మమ్మల్ని వదిలిపెట్టిన జడ్జి ఆయనే మేడం."