మంట లేని ఇల్లు

ఆ మధ్యాహ్నం మబ్బు బాగా కిందికి దిగింది కానీ చినుకు రాలలేదు. ఆ కురిసేదేదో నిన్న సాయంత్రం కురిసుంటే వడ్రంగి షెడ్డు సగమైనా మిగిలేది అనుకుంటూ ఫైరాఫీసరు మాస్టారి ఇంటి ముందు స్కూటరు ఆపాడు. ఎంత కడిగినా చేతులకు ఇంకా పొగవాసన పోలేదు.

మాస్టారే ఎదురొచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే మనిషి. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు.

"రండి సార్. మీ ముందు తలెత్తుకోలేకపోతున్నాను" అంటూ తన రుమాలుతోనే కుర్చీ దులిపాడు.

"తలెత్తుకోలేనిది నేను మాస్టారూ. మంటా లేదు మన్నూ లేదు, మీ ఇంటి ముందు మా బండి నిలబడి ఉంది. అదే టైముకు అవతల వడ్రంగి షెడ్డు బూడిదైంది. 'ముందు ఎవరింటికి పోయారయ్యా' అని ఒక్క మాట అడిగాడా వడ్రంగి. ఏం చెప్పమంటారు?"

మాస్టారు నేల చూశాడు.

"ఇది మూడోసారి. మొదటిసారి పోనీలే పసిపిల్ల అనుకున్నాం. రెండోసారి నవ్వుకున్నాం. ఇక నవ్వు రావట్లేదు. ఇల్లంటుకుందని పిల్ల ఇలాంటి అబద్ధపు ఫోను చేస్తే తప్పు పిల్లది కాదు, కన్నవాళ్లది."

"కాదనను సార్. తప్పు మాదే." మాస్టారు లోపలికి తిరిగి, "ఏమోయ్, సారుకు మంచినీళ్లు" అన్నాడు.

భార్య వచ్చింది. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది. గ్లాసు ఎడమచేత్తో అందించింది. ఆఫీసరుకు చుర్రుమంది. ఇంటికొచ్చిన మనిషికి ఎడమచేత్తో ఇస్తుందా? పుచ్చుకున్నాడు గానీ తాగలేదు, కింద పెట్టేశాడు. పిల్లకు ఈ పొగరు ఎటునుంచి వచ్చిందో అర్థమైంది.

"మీరు ఇంట్లోనే ఉంటారు కదమ్మా. పాప ఫోను తీస్తుంటే చూడరా?"

"చూడలేదండీ."

"మూడుసార్లూ చూడలేదా?"

ఆమె కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నిన్న మేమొస్తే గుమ్మంలోకైనా రాలేదు మీరు. పాపం మాస్టారొక్కరే వీధిలో నిలబడి అందరికీ దణ్ణాలు పెట్టారు."

"లోపల పనిలో ఉన్నానండీ."

"ఫోనులో పాటల హోరుకి పిల్ల మాట సగం వినబడలేదు. ఇల్లంటుకున్నవాళ్లు పాటలు వింటారా? నాకప్పుడే తట్టాల్సింది."

"ఆ పిచ్చి నాది సార్" అన్నాడు మాస్టారు. "బడినుంచి రాగానే రేడియో పెడతాను. బుర్ర చల్లబడుతుంది."

తలుపు చాటున ఏడెనిమిదేళ్ల పాప నిలబడి ఉంది. జడలు లేవు. జుట్టంతా ఎలా పడితే అలా పోగుచేసి రబ్బరుబ్యాండు తగిలించుకుంది. ఈ తల్లికి జడ వెయ్యడానికీ తీరిక లేదు కాబోలు అనుకున్నాడు ఆఫీసరు.

"ఇలా రామ్మా. మంట ఎక్కడుంది?"

"లేదు."

"ఉందని ఎందుకు చెప్పావు?"

పాప తండ్రివైపు చూసింది. "చెప్పు తల్లీ, సారు ఏమీ అనరు" అన్నాడు మాస్టారు నవ్వు మొహంతో.

"మీరు గంట కొట్టుకుంటూ వస్తారుగా. అప్పుడు వీధిలో వాళ్లందరూ మా ఇంటికొస్తారు."

"ఓహో. మాది సర్కసు బండి అనుకున్నావా? తమాషా చూద్దామనా?"

"కాదు."

"మరి?"

పాప కాలి బొటనవేలితో గచ్చుమీద గీతలు గీసింది. చివరికి తలెత్తి, "నిన్న ఎందుకు లేటుగా వచ్చారు?" అంది.

ఆఫీసరు మాస్టారివైపు తిరిగాడు.

"విన్నారా మాస్టారూ? ఎదురు నన్నే నిలదీస్తోంది. అవునమ్మా, లేటే. మీ ఇల్లని తెలిసి మా డ్రైవరు తీరిగ్గా టీ తాగి బయల్దేరాడు. ఇక అదీ ఉండదు. ఈ నంబరు కనబడితే ఎత్తొద్దని మావాళ్లకు చెప్పేశాను. గొంతు చించుకున్నా బండి కదలదు."

"నిజంగా అయినా రారా?"

"నిజమైతే మీ నాన్న వచ్చి చెబుతారు. ఆయన మాటైతే నమ్ముతాం."

పాప తల్లివైపు చూసింది. తల్లి గోడవైపు చూసింది.

"మంచి పని చేశారు సార్" అన్నాడు మాస్టారు. "పెద్ద బెంగ తీర్చారు."

"ఇంకెప్పుడూ చెయ్యనని చెప్పమ్మా."

"చెయ్యను. ఎవరూ రారుగా."

ఆ జవాబులోనూ ఆఫీసరుకు పెడసరమే వినబడింది. అయినా ఒప్పుకుంది కదా అని లేచాడు. మాస్టారు వదల్లేదు. "భోజనం వేళకొచ్చి ఖాళీ కడుపుతో వెళ్తారా? కాస్త ఎంగిలిపడి వెళ్లండి. ఇవాళ వంట నాదే. సెలవు కదా, ఆవిడకూ సెలవిచ్చాను."

ఇలాంటి మొగుడు దొరికి కూడా ఈవిడ మొహం ఎందుకలా ముడుచుకుంటుందో ఆఫీసరుకు బోధపడలేదు. మాస్టారు చాప పరిచి మూడు కంచాలు పెట్టాడు.

"మీరూ కూర్చోండమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఆవిడ తర్వాత తింటుంది లెండి."

"అదేం కుదరదు మాస్టారూ. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నాకు కోపం లేదు. అందరం కలిసి తిందాం."

మాస్టారు ఒక్క క్షణం ఆగి నాలుగో కంచం తెచ్చాడు. అందరికీ తనే వడ్డించాడు. రేడియో కట్టేసి ఉంది.

పాప తన కంచం పక్కకు నెట్టి తల్లి దగ్గరకు జరిగింది. ఆమె కంచంలో అన్నం తనే కలిపింది. చిన్న ముద్ద చేసి నోటికి అందించింది. తల్లి తింది. ఇంత ప్రేమ తెలిసిన పిల్లకు ఆ పాడు అలవాటు ఎలా అంటుకుందా అని ఆఫీసరు అటే చూస్తున్నాడు. రెండో ముద్దకు తల్లి ముందుకు వంగింది. కొంగు జారింది.

ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి ఉంది.