మంచు మీద పాఠం

"మంచు పగిలితే మొట్టమొదట ఏం చేయాలి?" గ్రాంట్ సారు అడిగాడు.

సముద్రపు మంచు మీద వేసిన డేరాలో ఎనిమిది మంది వేటగాళ్లు.

గడ్డకట్టిన సముద్రం మీద ప్రమాదం లేకుండా ఎలా తిరగాలో ఉత్తర ధ్రువం దగ్గరి ఈ ఇన్యూట్ పల్లెవాళ్లకు నేర్పడానికి ఆయన దక్షిణాన ఎక్కడో ఉన్న నగరం నుంచి విమానంలో దిగాడు. వాతావరణం వేడెక్కి మంచు పలచబడుతోందట. ఆ సంగతి కూడా ఆయనే వాళ్లకు చెప్పాడు.

"కంగారు పడకూడదు" అన్నాడు పుస్తకం చూసి.

"బంగారంలాంటి మాట నాయనా! ఇంకోసారి చెప్పు" అంది కౌనాక్ అవ్వ.

డెబ్బై ఏళ్లుగా మంచు మీద తిరుగుతున్న మనిషి. ఈ పొద్దున కూడా గ్రాంట్‌తో పేచీ పెట్టుకుంది. ఆయన మంచు అంచు దగ్గర వేయించిన డేరాను పీకించి నడిమికి మార్పించింది. "అక్కడ గాలికి నీ కాగితాలు ఎగిరిపోతాయి" అంది. పటాలు తగిలించే హడావిడిలో ఆయన సరేనన్నాడు.

"మే నెలలో ఇక్కడి మంచు కదలదు. నా పట్టికలో ఉంది" అన్నాడు గ్రాంట్.

"ఎప్పటి పట్టిక సార్?" అడిగాడు అవ్వ మేనల్లుడు జైపిటీ.

"ఇరవై ఏళ్ల కిందటిది. చాలా నమ్మకమైనది."

వేటగాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జైపిటీ బయటికి వెళ్లి రేడియోలో మాట్లాడి వచ్చాడు. "బయలుదేరారు అత్తా. గంట పడుతుందట."

"ఎవరు?" అన్నాడు గ్రాంట్.

"మావాళ్లే సార్. మిమ్మల్ని చూడాలని ఒకటే ఆత్రం."

గ్రాంట్ మురిసిపోయాడు. కాసేపటికి ఒళ్లు విరుచుకున్నాడు. "అలా బయట తిరిగొస్తాను."

ఎనిమిది మందీ ఒక్కసారిగా లేచారు. అవ్వ ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"మూడో పాఠం నా బుర్రకెక్కలేదు నాయనా."

"మళ్లీనా? ఇప్పటికి రెండుసార్లు చెప్పాను!"

"ముసలి బుర్ర కదా." వేటాడి తెచ్చిన సీల్ మాంసం ముక్క కోసి చేతిలో పెట్టి కూర్చోబెట్టింది.

"ఎంతసేపే అత్తా, ఈ నస?" గుసగుసగా అడిగాడు జైపిటీ.

"వాగనీరా. వాగుతున్నంతసేపు కదలడు."

గ్రాంట్ మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, 'వీళ్లకు అపాయమంటే ఏమిటో తెలియదు' అని డైరీలో రాసుకున్నాడు.

ఎక్కడో మోటార్ల చప్పుడు వినిపించింది. అవ్వ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఇక లే నాయనా. బయటికి పద."

గ్రాంట్ డేరా తెర ఎత్తితే నాలుగు వైపులా నీళ్లే కనిపించాయి, మూడు పడవలు వస్తున్నాయి, ఆయన పుస్తకం మొదటి పేజీ తెరవకముందే డేరా ఉన్న మంచుపలక ఒడ్డు నుంచి తెగిపోయింది.