ఎడమ పక్క మేడ

దొంగతనానికి వెళ్లేవాడు ముందుగా ఆ వీధిలో తచ్చాడకూడదని దొంగగారి సిద్ధాంతం. తచ్చాడేవాడిని వీధికుక్క దగ్గర్నుంచి కూరలమ్మేవాడి దాకా అందరూ గుర్తుపెట్టుకుంటారు. అందుకే కొత్త ఊళ్లో దిగగానే ఆయన తిన్నగా బొమ్మల ప్రదర్శనకు వెళ్లాడు.

"ఊరంతా గోడకి వేలాడుతుంటే కాళ్లరిగేలా తిరగడం ఎందుకురా?" అన్నాడు బావమరిదితో.

నిజంగానే ఊరంతా అక్కడ ఉంది. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలవి. ఎత్తయిన హోటల్ మేడపై నుంచి చూసినట్టు నది, వీధులు, ఇళ్ల మీద ఆరేసిన దుప్పట్లతో సహా కనిపిస్తున్నాయి. చూడవచ్చిన పెద్దమనుషులు గడ్డాలు నిమురుకుంటూ "అచ్చం మన ఊరే" అని మెచ్చుకుంటున్నారు.

దొంగ ఒక బొమ్మ ముందు పాతుకుపోయాడు. అది గమనించి, బొమ్మలు చెక్కినావిడ మురిసిపోతూ దగ్గరికొచ్చింది. నెరిసిన జుట్టు, వేళ్లనిండా సిరా.

"నచ్చిందా బాబూ?"

"భలే వివరంగా ఉందండీ. ఈ నీళ్ల ట్యాంకు పక్క మేడ ఎవరిది?"

"ఎడమ పక్కదా? వజ్రాల వ్యాపారిది. పైకప్పులో అద్దాల కిటికీ చూశావా, అది చెక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ బయటికి పోతారు. మేడమీదికి ఎవరూ రారు. అప్పుడైతే ప్రశాంతంగా గీసుకునేదాన్ని."

పిచ్చిమాలోకం అనుకున్నాడు దొంగ. బయటికొచ్చాక, "కళాకారులకి లోకజ్ఞానం ఉండదురా" అని బావమరిదికి బోధించాడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం బావమరిదిని కింద కాపలా పెట్టి, ప్లంబర్ వేషంలో ట్యాంకు నిచ్చెన ఎక్కాడు. బొమ్మలో ఉన్నట్టే నది ఎదురుగా ఉండేలా నిలబడ్డాడు. రెండు పక్కలా కవలపిల్లల్లాంటి మేడలు. ఎడమ పక్కదాని మీదికి దిగి, అద్దాల కిటికీ ఊడదీసి, తాడు పట్టుకుని లోపలికి జారాడు.

కింద, ఇన్‌స్పెక్టర్‌గారి ఇంట్లో, ఆయన ప్రమోషన్ సందర్భంగా, స్టేషన్ స్టేషనంతా భోజనాలకు కూర్చుని ఉంది. దొంగ సరిగ్గా బల్ల మధ్యలో దిగాడు. బావమరిది కూడా పారిపోయే లోపే దొరికాడు.

"బొమ్మలో ఎడమ పక్కే ఉంది సార్, ఒట్టు" అని లాకప్‌లో మొత్తుకున్నాడు దొంగ.

"రబ్బరు స్టాంపు మీద అక్షరాలు ఎప్పుడైనా చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ పళ్లు కుట్టుకుంటూ. "చెక్క మీద కుడివైపు చెక్కింది కాగితం మీద ఎడమవైపు పడుతుంది. ముందే తిరగేసి చెక్కాలని తెలీక, పాపం పెద్దావిడ చూసింది చూసినట్టు చెక్కేసింది. మేమూ వెళ్లి చూశాం, ఒక్కడికీ తట్టలేదు. ఇవాళ ఆవిడనీ భోజనానికి పిలిచాను. ఏదో పనుందంది."

"లోకజ్ఞానం" అని మూలన కూర్చున్న బావమరిది గొణిగాడు.

అంతలో ఫోన్ మోగింది. వజ్రాల వ్యాపారి ఇంటిని ఎవరో ఊడ్చిపెట్టి పోయారు. ఎప్పుడంటే, పోలీసులంతా కలిసి పక్కింట్లో ఈ దొంగ మీద చేతి దురద తీర్చుకుంటున్నప్పుడు.

బొమ్మలావిడని సాక్ష్యానికి తీసుకురమ్మని పంపిన కానిస్టేబుల్ అప్పుడే ఒంటరిగా తిరిగొచ్చాడు.

"ఆవిడ గది ఖాళీ చేసి వెళ్లిపోయింది సార్. గోడకి అదే బొమ్మ ఇంకోటి ఉంది. అందులో మాత్రం వజ్రాల మేడ కుడి పక్కనే ఉంది."