నిండు పళ్లెం

మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలకు బెంగళూరు ఇందిరానగర్‌లోని ఒక వీగన్ రెస్టారెంట్‌లో ఆరో నంబరు టేబుల్ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒకరికి అరవై ఉంటాయి. రెండో ఆమె ఆవిడ కూతురు శైలజ. ఆమె చేతిలో నోటుబుక్కు ఉంది.

కౌశల్ వంటగది తలుపు అద్దంలోంచి చూశాడు.

"వాళ్లేనా మేడమ్?"

"పెద్దావిడ. పేరు పాపక్క," అంది లిడియా. రెస్టారెంటు ఆమెదే. "ఏడాదికి ఒక్కసారే ఇలా వచ్చి కూర్చుంటుంది. ఆవిడ వద్దన్నది ఇక్కడ మెనూలో ఉండదు. నీకన్నా ముందు ఇద్దరు వంటవాళ్లు ఆవిడ మాట మీదే వెళ్లిపోయారు."

"ఏ పత్రికకు రాస్తారు?"

"ముందు చారు పంపించు."

కౌశల్‌ది అనంతపురం. బెళ్ళందూరు హోటల్లో ఉద్యోగం శనివారం మానేశాడు. ఇక్కడింకా ఖాయం కాలేదు. ఈ రోజు తను వండిన మూడు వంటకాలు నిలబడితేనే ఉంటాడు. హోటళ్లలో రుచి చూసి పత్రికలకు రాసేవాళ్లు మామూలు చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వస్తారని విన్నాడు. ఆ నోటుబుక్కు దేనికో అతనికి అర్థమైంది.

"డానియల్, ఆరో టేబుల్‌కి తీసుకెళ్లు."

"నా చేతులు చూడు గురూ," అన్నాడు వెయిటర్ డానియల్. మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది. తోమే మనిషికి సెలవట. సింకు నిండిపోయింది. "నువ్వే తీసుకెళ్లు. కరవదులే."

కౌశల్ ఉలవచారు గిన్నె తీసుకెళ్లి పెట్టాడు. మీద వెన్నకు బదులు కొబ్బరిపాల మీగడ వేశాడు. పాపక్క చెంచా ముట్టుకోలేదు. గిన్నెను కాసేపు చూసింది.

"శైలూ, చూడే. నిండుగా ఉంటే ఇట్లుంటాది."

రుచి చూసేవాళ్లకు అంతటా చెంచాడే పెడతారు కాబోలు అనుకున్నాడు కౌశల్.

"ఊరు చూడ్డానికి వచ్చారా అమ్మా?"

"పొద్దున్నే ఆనేకల్‌లో బస్సెక్కినామప్పా. లాల్‌బాగ్ చూసినాం. మెట్రో ఎక్కినాం. నేల లోపలికి పోయి మళ్లా మిద్దెల పైకి లేస్తాది ఆ రైలు. ఇన్నేండ్లూ ఈ ఊరికి వస్తాండా, అదొకటి ఉండాదని తెలీకపాయె."

"ఎస్కలేటరు దగ్గర పది నిమిషాలు నిలబడింది," అంది శైలజ. "ఎక్కడానికి భయం."

"భయం కాదే. ఆ మెట్లు పైకి పోయినంక యాడికి పోతాయో చూస్తా ఉన్నా."

శైలజ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. పాపక్క చారు తాగింది. చివర గిన్నె వంచి చూసింది.

"చారు బాగుండాది. గిన్నె బాగలేదప్పా. అడుగు సన్నం, చెంచా తిరగదు. చెంచాన్నర మిగిలిపోతాది."

రెండోది రాగిరొట్టె, పనసకాయ కీమా. మీద వేయించిన విదేశీ ఆకు రోజ్‌మేరీ రెమ్మ ఉంది. పాపక్క ఒక ముద్ద తిని ఆగింది.

"ఇది పనసకాయనా?"

"పనసకాయేనమ్మా."

"మా చేన్లో రెండు చెట్లుండాయి. అది ఇట్ల కూడా అవుతాదా?" ఇంకో ముద్ద తింది. తరవాత రెమ్మను వేలితో పక్కకు జరిపింది. "ఇది మాత్రం ఎవురూ తినరు. ఇట్ల నెట్టేస్తారు."

"అందం కోసం పెట్టానమ్మా."

"అందం నీకు కనపడతాది. నెట్టేసింది నువ్వు చూడవు కదా."

మూడోది పెరుగన్నం. వేరుశెనగ పాలను తోడుపెట్టి చేసింది.

"ఆవు లేదు, బర్రె లేదు," అన్నాడు కౌశల్.

పాపక్క ఒక చెంచా తింది. చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుంది. గిన్నె ఖాళీ చేసింది.

"దీంట్లో ఒక్క మెతుకు వెనక్కి రాదు," అంది.

చెంచాలన్నీ ఏరి ఒక గిన్నెలో వేసింది. పెద్ద పళ్లెం కింద, చిన్నది పైన పెట్టి టేబుల్ అంచుకు జరిపింది. శైలజ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ రోజొద్దులే అమ్మా."

మూడింటిలోపు అవే వంటకాలు ఇంకా పద్నాలుగు మంది తిన్నారు. ఎంగిలి గిన్నెలు లోపలికి వస్తుంటే కౌశల్ ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. పదకొండు చారు గిన్నెల్లో అడుగున చారు ఉంది. కొలిచాడు. చెంచాన్నర. పదమూడు పళ్లాల్లో రోజ్‌మేరీ రెమ్మ అంచుకు నెట్టి ఉంది. పెరుగన్నం గిన్నెలు పద్నాలుగూ ఖాళీ.

ఏడేళ్లుగా అతను వంట చేస్తున్నాడు. ఒక గిన్నెను ఒక్కసారి చూసి, ఎవరో పదకొండు మంది ఎంత వదిలేస్తారో చెప్పిన మనిషిని ఇంతవరకు చూడలేదు. పద్నాలుగో గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అది ఇటిస్తావా, ఇంటికి తీసుకెళ్తావా?" అన్నాడు డానియల్.

నాలుగింటికి లిడియా పిలిచింది.

"గిన్నెలు మార్పిద్దాం. ఆ ఆకు తీసెయ్. రేపు ఏడింటికల్లా రా. పాపక్క ఒప్పుకుంది."

కౌశల్ కుర్చీలో కూర్చున్నాడు. వెంటనే మళ్లీ లేచాడు.

"ఆవిడకు ఒక మాట చెప్పాలి మేడమ్. వెళ్లిపోయారా?"

"కబ్బన్ పార్కు చూడాలట. చూసినవీ చూడాల్సినవీ కూతురు నోటుబుక్కులో రాసుకుంటోంది. రేపు చెబుదువులే."

బుధవారం ఉదయం ఏడింటికి ఐదు నిమిషాల ముందు కౌశల్ వంటగది తలుపు తోశాడు.

సింకు ముందు పాపక్క గిన్నెలు తోముతోంది.